దొరసాని ముక్కు

పళ్ళ మేస్త్రికి పాత నాణేలంటే ప్రాణమని వీధి వీధంతా అనుకునేది. అందులో వీధి తప్పేమీ లేదు. పగలంతా డాక్టర్లకు కట్టుడుపళ్ళ సెట్లు తయారుచేసి ఇచ్చి, సాయంత్రం చేతులకంటిన ప్లాస్టర్ పొడి అయినా సరిగ్గా కడుక్కోకుండా భూతద్దం పట్టుకుని కూర్చునే మనిషిని చూసి ఎవరైనా ఇంకేమనుకుంటారు? ఆయన బల్ల మీద ఒక పక్క మైనపు చిగుళ్ళు, వాటిలో నాటడానికి వరుసగా పేర్చిన పళ్ళు. రెండో పక్క నడిమధ్య చిల్లున్న నాణేలు, పలకలు పలకలుగా ఉన్న నాణేలు, రాజ్యం ఎప్పుడో పోయినా తలకాయ మాత్రం చెక్కుచెదరని రాజుల నాణేలు. "మా మేస్త్రి చేతికి చిక్కితే రాజైనా సరే నోరు తెరిచి చూపించాల్సిందే" అని కళ్ళజోళ్ళ షాపాయన అంటూండేవాడు.

"ఆ రాజుల మొహాలు చూసింది చాలు గానీ, ఇక్కడ ఒక రాణికి తలనొప్పిగా ఉంది. కాస్త టీ పెట్టి పట్రండి" అని లోపల్నుంచి భార్య కేకేసేది. మేస్త్రి లేచి టీ పెట్టేవాడు. మంచివాడే పాపం.

కానీ ఉన్నమాట చెప్పుకోవాలి. ఆయన్ను నాణేల దగ్గరికి నడిపించింది ప్రేమ కాదు, భయం. మామగారి భయం. ప్రేమ తర్వాత పుట్టింది, చాలా కాపురాల్లో లాగానే.

మామగారు దర్జీ. చొక్కాలూ లాగులూ కుట్టే దర్జీ కాదు, కోటు కుట్టడంలో చెయ్యి తిరిగిన దర్జీ. భార్య పోయాక ఉన్న ఒక్కగానొక్క కూతురి దగ్గరికి కుట్టుమిషనుతో సహా వచ్చేశారు. వీధివైపు గది ఆయన దుకాణమైంది, వెనకవైపు గది అల్లుడి ల్యాబుగా మిగిలింది. "ఇల్లరికం అల్లుళ్ళను చూశాం గానీ, ఇల్లరికం మామను ఇక్కడే చూస్తున్నాం" అని వచ్చినవాళ్ళు హాస్యమాడితే ఆయన నవ్వేవారు కాదు. దర్జీ అన్నవాడు నవ్వకూడదని ఆయన సిద్ధాంతం. తను నవ్వితే ఎదుటివాడూ నవ్వుతాడు, నవ్వితే పొట్ట కదులుతుంది, పొట్ట కదిలితే కొలత గల్లంతు.

ఆయన దగ్గర ఒకే ఒక్క నాణెం ఉండేది. కుర్రతనంలో మొట్టమొదటి కోటు కుట్టినప్పుడు, ఓడలో పనిచేసే ఒక ఆసామి ఆ కోటు తొడుక్కుని, అద్దంలో చూసుకుని, మురిసిపోయి చేతిలో పెట్టి వెళ్ళిన వెండి నాణెం. ఒకవైపు జడ తలచుట్టూ చుట్టుకున్న ఆడమనిషి ముఖం, రెండోవైపు రెక్కలు విప్పిన పక్షి. అది ఏ దేశానిదో ఆయనకు తెలియదు. ఆమెను మాత్రం దొరసాని అనేవారు. రోజూ పొద్దున కత్తెర పట్టబోయే ముందు వాస్కోటు జేబులో చెయ్యి పెట్టి, నాణెం వంక చూడకుండానే, బొటనవేలితో దొరసాని ముక్కు వెతికేవారు. దొరికిందా, వేలు నిద్రలేచినట్టు. ఇక గుడ్డ ముట్టుకోవచ్చు. దొరకలేదా, ఇంకో కప్పు టీ తాగి మళ్ళీ వెతకడం. కోటుగుడ్డ ఎటు వాలుతుందో, లోపల వేసే కాన్వాసు ఎక్కడ బిగుసుకుందో కళ్ళకు తెలియదనీ, వేళ్ళే చెప్పాలనీ ఆయన నమ్మకం. ఆ వేళ్ళు ఏళ్ళ తరబడి రాసీ రాసీ దొరసాని ముక్కు ఒకవైపు కాస్త వాలిపోయింది కూడా.

అంతటి ముక్కును నామరూపాల్లేకుండా చేసినవాడు మన మేస్త్రి.

మామగారు వచ్చి చేరిన కొత్తలో జరిగింది. ఎవరినీ ఏ సాయమూ అడగని మనిషి ఒకరోజు ల్యాబు గుమ్మంలో నిలబడి, "అల్లుడుగారూ, మీరు నలుగురు డాక్టర్లతో తిరిగేవారు. ఇది ఏ దేశానిదో, ఏపాటిదో కాస్త కనుక్కుని చెప్పండి. రేపటికల్లా మళ్ళీ నా జేబులో ఉండాలి" అని నాణెం చేతిలో పెట్టారు.

మామగారు నమ్మి అప్పగించిన వస్తువుల్లో, కూతుర్ని మినహాయిస్తే, ఇదే మొదటిది. మేస్త్రి ఉబ్బిపోయాడు. నల్లబడిపోయిన నాణేన్ని అలాగే పట్టుకెళ్ళి నలుగురికీ చూపిస్తే మామగారి పరువేం కావాలి? ల్యాబులో పాలిషు చక్రం ఉంది, తడిపిన రాతిపొడి ఉంది. ఎన్ని కట్టుడుపళ్ళకు ముత్యాల మెరుపు తెచ్చిన చక్రమది! నాణేన్ని దానికి ఆనించాడు. నలుపు పోయింది. సంతోషించాడు. ఇంకాస్త ఆనించాడు. మెరుపొచ్చింది. ఇంకాస్త సంతోషించాడు. చక్రం ఆపి చూసుకునేసరికి దొరసాని వెన్నముద్దలా ఉంది. కళ్ళు లేవు, జడ లేదు. ముక్కు ఉండాల్సిన చోట మేస్త్రి ముక్కే కనపడుతోంది, అద్దంలో లాగా.

ఇంకొకరైతే అక్కడే కూలబడి నిజం చెప్పేసి, నాలుగు చీవాట్లు తిని బాగుపడేవారు. మేస్త్రిని చెడగొట్టింది ఆయన పనితనం. పళ్ళు కట్టేవాళ్ళకు ఒక అలవాటుంటుంది. ఏ వస్తువు మీద చెయ్యి వెయ్యాలన్నా ముందు దానికి రెండువైపులా అచ్చు తీసి పక్కన పెట్టుకుంటారు. ఆ అలవాటు కొద్దీ దొరసానికీ అచ్చు తీసి ఉంచాడు. ఇంకేం, అచ్చులో మైనం పోశాడు, మైనపు బిళ్ళను ప్లాస్టర్‌లో పాతి కరిగించి తీసేశాడు, ఆ ఖాళీలో వెండి పోశాడు. మర్నాటి మధ్యాహ్నానికి వాలిన ముక్కుతో సహా దొరసాని తిరిగొచ్చింది. పైన నల్లరంగు కూడా పట్టించాడు.

"కాస్త శుభ్రం చేశాను, మామయ్యగారూ."

మామగారు జేబులో వేసుకున్నారు. బొటనవేలు లోపల అటూ ఇటూ కదిలింది.

"ఊఁ" అన్నారు. కాసేపాగి, "ఏ దేశానిదట?" అన్నారు.

"కనుక్కుంటున్నానండీ."

ఆ కనుక్కోవడమే మేస్త్రిని నాణేల లోకంలోకి తోసేసింది. అచ్చం అలాంటిదే ఇంకొకటి ఎక్కడైనా దొరికితే గుట్టుచప్పుడు కాకుండా మార్చేసి, పాపం కడుక్కుందామని మొదలుపెట్టాడు. పాత సామాన్ల కొట్లలో గిన్నెడేసి పరాయిదేశపు చిల్లర గుమ్మరించుకుని వెతికాడు. పక్షి ఉన్న నాణేలు దొరికేవి, దొరసాని ఉండేది కాదు. దొరసాని ఉన్నవి దొరికేవి, ఆవిడ ఇంకెవరో. ఆ వెతుకులాటలో అంచు మీది గాట్లు చదవడం నేర్చాడు, వేలి కొస మీద నిలబెట్టి మోగిస్తే అచ్చు కొట్టిన నాణెం గంటలా పలుకుతుందనీ, కరిగించి పోసినది చెక్కముక్కలా పలుకుతుందనీ నేర్చాడు. పోత పోసిన లోహం చల్లారేటప్పుడు వెంట్రుకవాసి కుంచించుకుపోతుందని అయితే ఆయనకు ముందే తెలుసు. పళ్ళ పనిలో రోజూ దానితోనే తగువు.

ఊరి గ్రంథాలయం మేడమీద ఆదివారం ఆదివారం కూడే నాణేల సంఘంలో చేరాడు. ఆ సంఘానికి ఒక పద్ధతి ఉంది. బల్ల మీద పచ్చగుడ్డ పరుస్తారు. ఎవరైనా నాణెం తెస్తే దాన్ని గుడ్డ మీద పెట్టి నోరు మూసుకోవాలి. నాణెం చేతులు మారుతూ బల్లంతా తిరుగుతుంది. తిరిగినంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు, తుమ్మినా క్షమాపణ చెప్పకూడదు. తిరిగాక ఒక్కొక్కరూ ఒక్క మాటే అనాలి: అసలు, నకిలీ, తెలియదు. మొదట్లో మేస్త్రి ఈ చివర కూర్చుని ఎప్పుడూ "తెలియదు" అనేవాడు. ఏళ్ళు గడిచేసరికి ఆ చివర కుర్చీ ఆయనదైంది. ఆఖరి మాట ఆయనది. ఆయన "అసలు" అన్నది నకిలీగా తేలిన రోజు లేదని సంఘం అధ్యక్షుడు, లెక్కల మాస్టారు, వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

ఇక మనవాడు అన్నిటికన్నా కఠినంగా ఉండే విషయం ఒకటుంది. ఎవరైనా నాణేన్ని తళతళా తోమి తెచ్చారో, అయిపోయారే! మందుల షాపావిడ ఒకసారి పాపం నిమ్మచెక్కతో రుద్ది తెస్తే, "ఏంటమ్మా ఇది? నాణేనికి స్నానం చేయించారా? వందేళ్ళ వయసు ఒక్క పూటలో తుడిచేశారు కదమ్మా! ఇది నాణెమా, చెంచానా?" అని గుడ్ల నీళ్ళు పెట్టుకున్నంత పని చేశాడు. "ఎంత మమకారమో!" అని అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆ మమకారం ఎక్కణ్ణుంచి వచ్చిందో ల్యాబులో అడుగు సొరుగులో, పాత పళ్ళడబ్బాలో పడుకున్న బోడి దొరసానికి తెలుసు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంది. ఇక్కణ్ణుంచి కాస్త కష్టం.

మామగారు మెల్లగా పని తగ్గించుకుంటూ వచ్చారు. ముందు పెద్దవాళ్ళ కోట్లు ఒప్పుకోవడం మానేశారు. తర్వాత అసలు కోటన్నదే మానేశారు. అడిగినవాళ్ళను ఎదురువీధి టైలరు దగ్గరికి పంపేవారు. అంచులు మడవడం, గుండీలు కుట్టడం, జిప్పులు మార్చడం. అంత చెయ్యి తిరిగిన మనిషి పిల్లల బడిసంచుల పట్టీలు కుడుతూ కూర్చుంటే, వయసు కదా అని ఇంట్లో అనుకున్నారు. మేస్త్రీ అనుకున్నాడు. జాలిపడ్డాడు కూడా.

కూతురు ఊరుకోక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. సూదితో గుచ్చి చూశాడు, చల్లటివీ వెచ్చటివీ పట్టించి చూశాడు. వేళ్ళు పాతికేళ్ళవాడి వేళ్ళలా ఉన్నాయన్నాడు.

"విన్నారుగా నాన్నా? ఏమీ లేదు. ఇంక ఆ మొహం మార్చండి" అంది కూతురు అన్నం దగ్గర.

"డాక్టరుకేం తెలుసమ్మా" అన్నారు మామగారు. "నాకు తెలుస్తోంది. దొరసాని చేతికి పరాయిదానిలా ఉంటోంది. ఎప్పట్నుంచో. ముక్కు ఉంది, ఉన్నచోటే ఉంది, కానీ తగలాల్సినట్టు తగలదు. అంచు మొద్దుబారినట్టుంటుంది. తీసి చూస్తే ఆవిడే, అదే పక్షి. కళ్ళు అవునంటున్నాయి, వేళ్ళు కాదంటున్నాయి. రెంట్లో ఒకటి ముసలిదైంది. కళ్ళకు అద్దాలుంటాయి, వేళ్ళకు ఏం తొడుక్కోమంటావు? ఒకడి పెళ్ళికోటు పాడుచేసి వాడి మొహం చూసేకన్నా ముందే మానుకోవడం మర్యాద."

మేస్త్రి నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ తను మోసం చేసింది ముసలాయన కళ్ళను అనుకున్నాడు. మోసపోని వేళ్ళకు శిక్ష పడిందని అప్పుడు తెలిసింది. వెంట్రుకవాసి కుంచించుకుపోయిన పోతబిళ్ళను పట్టుకున్న వేళ్ళు అవి.

చెప్పెయ్యాలి. అంతే. మింగేసి, నీళ్ళు తాగి, గొంతు సవరించుకున్నాడు.

"మామయ్యగారూ, మీకో మాట చెప్పాలి."

"చెప్పండి అల్లుడుగారూ."

ఆ "గారూ" దగ్గర మేస్త్రి ధైర్యం జారిపోయింది. "మీ కింది సెట్టు కాస్త వదులైనట్టుంది. నమిలేటప్పుడు చప్పుడొస్తోంది. రేపు చూస్తాను" అన్నాడు. మామగారి నోట్లో పళ్ళు కూడా అల్లుడు చేసినవే మరి.

"అన్నం దగ్గర పళ్ళ గోల ఎందుకండీ?" అంది భార్య.

చెప్పే ధైర్యం లేనివాడికి దేవుడు అడ్డదారి చూపిస్తాడంటారు, అది దేవుడో కాదో గానీ. ఆ నెలలోనే ఒక నాణేల సంతలో, ఇన్నేళ్ళుగా దొరకని దొరసాని దొరికింది. అదే జడ, అదే పక్షి, అదే వెండి, అచ్చు కొట్టిన అసలు నాణెం. సంవత్సరం మాత్రం వేరు. తను ప్రాణంలా దాచుకున్న పలకల నాణేలన్నీ ఇచ్చేసి దాన్ని తెచ్చుకున్నాడు. మామగారు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే కొక్కేనికి వేలాడుతున్న వాస్కోటు జేబులోంచి పోతబిళ్ళ తీసేసి, అసలుది వేశాడు. ఆ సాయంత్రం ఈల వేస్తూ పళ్ళు నాటాడు. ఇక వేళ్ళకు ప్రాణం లేచొస్తుంది, కోట్లు మొదలవుతాయి, అంతా సుఖాంతం.

పొద్దున్న మామగారు జేబులో చెయ్యి పెట్టారు. పెట్టి అలాగే నిలబడిపోయారు. చెయ్యి బయటికి తీసి, లాగుకు తుడుచుకుని, మళ్ళీ పెట్టారు. తర్వాత స్టూలు మీద కూర్చున్నారు.

"ఏంటి నాన్నా?" కూతురు పరిగెత్తుకొచ్చింది.

"ఇవాళ ఇంకో మనిషిలా ఉందమ్మా. నిన్నటికీ ఇవాళ్టికీ ఇంత తేడా! ముక్కు ఎత్తుగా ఉంది, వాలు లేదు. పోయాయి. వేళ్ళు పూర్తిగా పోయాయి."

అసలు నాణెమే, కానీ దాని ముక్కును ఎవరూ నలభై ఏళ్ళు రుద్దలేదు కదా. మేస్త్రి ల్యాబు గుమ్మంలో చేతిలో మైనంతో నిలబడి వింటున్నాడు.

ఆ సాయంత్రమే మామగారు ఎదురువీధి టైలరును పిలిపించారు. "మిషనూ, పెద్ద కత్తెరా నువ్వు తీసుకో బాబూ. సోమవారం పొద్దున మనిషిని తెచ్చుకో. వాడని కత్తెర తుప్పు పడుతుంది, చూడలేను" అన్నారు. టైలరు మంచివాడు, వద్దన్నాడు. ఈయన వినలేదు. కూతురు వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేసింది.

ఇప్పుడు మేస్త్రి ముందున్నది సోమవారం. ఆలోపు నోరు విప్పితే మామగారి దగ్గర మొహం చెల్లదు. విప్పకపోతే ఉన్న వేళ్ళు పోయాయనుకుని ఒక దర్జీ బతికుండగానే దర్జీ కాకుండా పోతాడు. తెలిసిన లెక్కే, అయినా శుక్రవారం చెప్పలేకపోయాడు. శనివారం దుకాణం గదిలోకి వెళ్ళి, "మామయ్యగారూ" అని మొదలుపెట్టి, చివరికి ఒక గుండీ ఊడగొట్టుకుని కుట్టించుకుని వచ్చాడు.

ఆదివారం పొద్దున మామగారే కదిపారు. "అల్లుడుగారూ, మీ సంఘానికి నన్నూ తీసుకెళ్ళండి. కత్తెరతో పాటు దొరసానినీ ఆ అబ్బాయికి ఇచ్చేద్దామనుకుంటున్నాను. ఏ దేశానిదని అడిగితే చెప్పాలి కదా. మీరు కనుక్కుంటున్నానన్నారు. పనుల్లో పడి మర్చిపోయుంటారు."

ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. అందుకే మరింత గుచ్చుకుంది.

గ్రంథాలయం మేడమీద లెక్కల మాస్టారు ఎదురొచ్చి మామగారికి మంచి కుర్చీ వేశాడు. "మీ అల్లుడు మా సంఘానికి గీటురాయండీ. ఆయన నోట అసలు అని వస్తే ఇక తిరుగులేదు."

"ఇంట్లో ఆయన నోట ఏమీ రాదు" అన్నారు మామగారు. అందరూ నవ్వారు, మేస్త్రి తప్ప.

దొరసాని పచ్చగుడ్డ మీదికి వచ్చింది. తిరగడం మొదలైంది. కళ్ళజోళ్ళ షాపాయన అంచు చూశాడు. మందుల షాపావిడ వేలికొస మీద నిలబెట్టి మోగించింది. గంటలా పలికింది. లెక్కల మాస్టారు భూతద్దం కింద చాలాసేపు ఉంచి తల ఊపాడు. ఎవరూ మాట్లాడకపోయినా మొహాలు మాట్లాడుతున్నాయి. మామగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నవాడిలా కూర్చున్నారు.

నాణెం మేస్త్రి దగ్గరికి వచ్చి ఆగింది. మాటలు మొదలయ్యాయి.

"అసలు."

"అసలు."

"నూటికి నూరుపాళ్ళు... అహఁ, ఒక్క మాటే అనాలి కదా. అసలు."

అందరి చూపూ ఆ చివరికి తిరిగింది. మేస్త్రికి నోటిదాకా వచ్చింది: అసలు. అంటే అబద్ధం కాదు. ఇన్నేళ్ళ పేరుకు మచ్చ రాదు. నాణెం నిజంగా అసలుదే. ఆ ఒక్క మాట అని లేస్తే మామగారు సంతోషంగా ఇంటికెళ్ళి, రేపు పొద్దున కత్తెర ఇచ్చేస్తారు. నిజం చెప్పి కూడా మోసం చేయొచ్చని ఆ బల్ల దగ్గరే ఆయనకు తెలిసింది.

"నాణెం అసలుదే" అన్నాడు. "కానీ మామయ్యగారూ, అది మీది కాదు."

ఒక్క మాటకు మించి అన్నందుకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఇక ఆగలేదు మేస్త్రి. పాలిషు చక్రం, రాతిపొడి, అచ్చు, పోతబిళ్ళ, వాస్కోటు జేబు, అన్నీ కక్కేశాడు. మధ్యలో మందుల షాపావిడ "నిమ్మచెక్కకే నన్నన్ని మాటలన్నారే!" అనబోయి, మామగారి మొహం చూసి ఆగిపోయింది.

మామగారు రెండు చేతులూ ఎత్తి వేళ్ళ వంక చూసుకున్నారు, ఎవరో ఊరి నుంచి వచ్చినవాళ్ళను చూసినట్టు.

"మరి నా వేళ్ళు?"

"బాగున్నాయి. అప్పుడూ బాగున్నాయి, ఇప్పుడూ బాగున్నాయి. నేను పోత పోశానని మీ వేళ్ళు పట్టేశాయి. మొన్న మార్చానని కూడా పట్టేశాయి. నమ్మంది మీరే."

మామగారు లేచి పక్కనున్న లెక్కల మాస్టారి కోటు మడత రెండు వేళ్ళతో పట్టుకుని నలిపారు. "కాన్వాసు కుట్టలేదు, జిగురుతో అంటించారు. ఈ మూల లేచింది కూడా" అన్నారు. మాస్టారు బిక్కచచ్చి తలూపాడు. అంతే, ముసలాయన మొహం వెలిగిపోయింది. వెలిగినంత వేగంగానూ ఎర్రబడింది.

"అంటే నేను పంపేసినవాళ్ళందరూ... అన్ని కోట్లూ... బడిసంచులు కుట్టించావురా నా చేత! బడిసంచులు!" ఆ ఇంటికొచ్చాక మొదటిసారి "గారూ" పోయింది. "శుభ్రం చేశాను మామయ్యగారూ అన్నావు! అచ్చులూ, పోతలూ! నా జేబులో ఉన్నది నీ పనే, నా నోట్లో ఉన్నదీ నీ పనే! ఇంక దేన్ని నమ్మమంటావు? ఇదిగో, వీటికీ విలువ కట్టుకోండి!"

అని పై సెట్టూ కింది సెట్టూ ఊడదీసి పచ్చగుడ్డ మీద, దొరసాని పక్కన పెట్టారు. ఆ తర్వాత కూడా చాలా అన్నారు గానీ పళ్ళు లేకపోవడం వల్ల సంఘానికి సగమే అర్థమైంది. అర్థమైన సగం చాలు. గట్టిగా అడుగులు వేసుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయారు.

కళ్ళజోళ్ళ షాపాయన మెల్లగా, "అసలు కాదులెండి" అన్నాడు. నవ్వించడానికే, పాపం. మేస్త్రి జేబురుమాలు తీసి పళ్ళను అందులో మూటకట్టుకుని, నాణేన్ని జేబులో వేసుకుని ఇంటిదారి పట్టాడు.

ఇంటి గుమ్మంలో భార్య నిలబడి ఉంది. వార్త ముందే చేరిందని ఆవిడ చేతులు కట్టుకున్న తీరే చెప్పింది.

"నాన్న చెప్పారు. పళ్ళు లేకుండా చెప్పారు కాబట్టి రెండుసార్లు చెప్పించుకున్నాను."

"అది కాదే..."

"చక్రానికి ఆనించారు, సరే, తెలియక చేశారు. పోత పోశారు, సరే, భయపడ్డారు. డాక్టరు దగ్గరికి నేను తిప్పుతున్నప్పుడైనా నాకు చెప్పలేకపోయారా? పదిమంది ముందు చెప్పడానికొచ్చిన ధైర్యం పక్కనున్నదాని ముందు రాలేదా?"

మేస్త్రి వంటింట్లోకి వెళ్ళాడు. ఆ పూట టీ పెట్టి ఇస్తే ఆవిడ తాగలేదు. చల్లారిపోయిన కప్పును మేస్త్రే తాగి, గిన్నెలన్నీ తోమాడు.

మర్నాడు ఎదురువీధి టైలరు మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. మామగారు కత్తెర చేతిలో పట్టుకుని మిషను ముందు కూర్చుని ఉన్నారు. నోటితో చెప్పే వీలు లేక, కత్తెరతో గాలిని రెండుసార్లు కత్తిరించి, అడ్డంగా తలూపారు. టైలరుకు అర్థమైంది. నవ్వుతూ దండం పెట్టి వెళ్ళిపోయాడు.

అల్లుడితో మాత్రం మాట లేదు. జావ తాగుతున్నారు, పళ్ళు అడగడం లేదు. గాజుగిన్నెలో నీళ్ళలో పెట్టిన పళ్ళు వంటింటి అలమారులోంచి రోజంతా మేస్త్రిని చూసి ఇకిలిస్తున్నాయి.

రెండు మూడు రోజులు చూసి మేస్త్రి అడుగు సొరుగు తెరిచాడు. బోడి దొరసానిని తీసి, దుకాణం గదిలోకి వెళ్ళి, మిషను బల్ల మీద పెట్టి, తిట్టు కోసం నిలబడ్డాడు. మామగారు దాన్ని జేబులో వేసుకున్నారు. బొటనవేలు అటు తిరిగింది, ఇటు తిరిగింది. నున్నటి ముఖం మీద ఆగకుండా జారి, అంచు దగ్గర ఒకచోట ఆగింది. అక్కడొక చిన్న నొక్కు ఉంది. ఎప్పుడో కత్తెర జారి పడ్డది.

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. తుడుచుకుని అలమారు వైపు వేలు చూపించారు.

మేస్త్రి పరుగున వెళ్ళి పళ్ళు తెచ్చాడు. పెట్టుకుని, రెండుసార్లు టకటకలాడించి చూసుకుని, "ముక్కు పోయింది. పోయింది పోయినట్టే. అది నువ్వు తేలేవు" అన్నారు మామగారు. "కింది సెట్టు ఇంకా వదులుగానే ఉంది."

"ఇవాళే చూస్తాను మామయ్యగారూ."

"తర్వాత చూద్దువు. అలా నిలబడు. చేతులు చాపు."

టేపు తీయలేదు ఆయన. వట్టి చేతులతో మేస్త్రి భుజాలు కొలిచారు, వీపు కొలిచారు, ప్లాస్టర్ పొడి దులిపి మళ్ళీ కొలిచారు. గోడ బీరువాలోంచి దళసరి బూడిదరంగు గుడ్డ తీసి మీద పరిచారు.

"నాకెందుకండీ కోటు? నేనెక్కడికి వెళతాను?"

"నీకోసం కాదు. ఇన్నేళ్ళ తర్వాత మొదటి కోటు. ఊళ్ళోవాళ్ళ మీద ప్రయోగం చేయనా? పాడైతే నీ ఒంటి మీదే పాడవ్వాలి." ఆయన పళ్ళ మధ్య గుండుసూదులు వరుసగా పట్టుకున్నారు. ఒక్కొక్కటే తీసి గుడ్డకు గుచ్చడం మొదలుపెట్టారు. వేళ్ళు తడుముకోవడం లేదు. గుడ్డ ఎటు వాలుతుందో వాటికే తెలుస్తోంది.

"అమ్మా!" అన్నాడు మేస్త్రి.

"కదలకు."

గుమ్మంలోంచి భార్య ఫక్కున నవ్విన చప్పుడు వినపడింది. ఆ సూది చంకకింద గుడ్డను దాటి ఒంట్లోకి దిగింది పొరపాటునా కాదా అని మేస్త్రి అడగలేదు. అంత గట్టిగా తెలిసిన వేళ్ళను పట్టుకుని పొరపాటా అని అడగడం ఇక ఆ ఇంట్లో ఎవరికీ మర్యాద కాదు. చేతులు చాపుకుని, ఊపిరి బిగబట్టి, తర్వాతి సూది కోసం నిలబడ్డాడు.